‘లా’ ఉంటే ఉపమ, ‘అన్నట్లు’ ఉంటే ఉత్ప్రేక్ష: ఇంతేనా?

పదో తరగతి అమ్మ (ఒంగోలు) · ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి. లెక్కలు, సైన్సు పర్వాలేదు. తెలుగులో అలంకారాల దగ్గరే బండి ఆగిపోతోంది. ట్యూషన్‌లో ఒక చిట్కా చెప్పారట. వాక్యంలో ‘లా’, ‘వలె’, ‘వంటి’ కనిపిస్తే ఉపమ. ‘అన్నట్లు’, ‘ఏమో’, ‘కాబోలు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష. ఇవేవీ లేకపోతే రూపకం. మరీ ఎక్కువ చేసి చెబితే అతిశయోక్తి.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. మొన్న పరీక్షలో సొంతంగా ఉదాహరణలు రాయమన్నారు. ఉపమకు ‘మా చెల్లి మా అమ్మలా ఉంటుంది’ అని రాసింది. ఉత్ప్రేక్షకు ‘వాన పడుతుందన్నట్లు మబ్బు పట్టింది’ అని రాసింది. రెండూ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ‘లా ఉంది కదమ్మా, అన్నట్లు కూడా ఉంది కదా’ అని రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను చదివింది కామర్స్. ఏం చెప్పాలో తెలియలేదు. మీలో తెలుగు తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

తెనాలి మాస్టారు · ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, ముందు పాపను దగ్గర కూచోబెట్టుకుని ఒక మాట చెప్పండి. ఆ రెండు వాక్యాల్లోనూ తెలుగు తప్పు లేదు, అలంకారం లేదంతే.

శాస్త్రంలో దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. ‘గవయం ఆవులా ఉంటుంది.’ గవయం అంటే అడవిలో తిరిగే ఒక జంతువు. ఊళ్ళో ఉండేవాడు దాన్ని గుర్తుపట్టడానికి చెప్పిన గుర్తు అది. పోలిక ఉంది, ‘లా’ ఉంది, అయినా ఉపమాలంకారం కాదన్నారు పెద్దలు. ఎందుకంటే అది ఆనవాలు, అంతే. వినగానే మనసులో ఏదీ మెరవదు. చెల్లి అమ్మలా ఉండటం కూడా ఇలాంటిదే. అదే పాప ‘మా చెల్లి ఇంట్లో పిచ్చుకలా తిరుగుతుంది’ అని రాసి ఉంటే ఎవరూ కొట్టేసేవాళ్ళు కాదు. చెల్లి ఉపమేయం, పిచ్చుక ఉపమానం, తిరగడం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ.

ఇక వాన సంగతి. మబ్బు పడితే వాన వస్తుందని మనం నిజంగానే అనుకుంటాం. ఉత్ప్రేక్షలో అలా కాదు. చెప్పేవాడికి అది నిజం కాదని తెలుసు, తెలిసే ఊహిస్తాడు. ‘ఆకాశం నల్ల గొంగళి కప్పుకుందా అన్నట్లు మబ్బు పట్టింది’ అనమనండి. ఆకాశం గొంగళి కప్పుకోదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు.

నేను 31 ఏళ్ళు బడిలో చెప్పాను. పిల్లలకు నాలుగు అలంకారాలకు నాలుగు వేర్వేరు వాక్యాలు ఇస్తే కలగలిసిపోయేవి. అందుకని ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పించేవాణ్ణి. మీది ఒంగోలు కాబట్టి ఎండే తీసుకుందాం.

‘రోడ్డు పెనంలా కాలుతోంది.’ పోల్చాడు. రోడ్డు వేరు, పెనం వేరు. ఉపమ.

‘ఈ పెనం మీద చెప్పుల్లేకుండా ఎవరు నడుస్తారు?’ అని రోడ్డు చూపించి అన్నాడు అనుకోండి. దీని సంగతి తర్వాత చెబుతాను, కాస్త చిక్కు ఉంది. ‘రోడ్డనే పెనం మీద అడుగులు వేగిపోతున్నాయి’ అంటే మాత్రం చక్కని రూపకం. రెండిటినీ ఒకటి చేసేశాడు.

‘సూర్యుడు మధ్యాహ్నం టిఫిన్‌కు రోడ్డును పొయ్యి మీద పెట్టాడేమో!’ ఊహించాడు. ఉత్ప్రేక్ష.

‘రోడ్డు మీద పిండి పోస్తే క్షణంలో అట్టు అవుతోంది.’ ఉన్నదాన్ని పెంచాడు. అతిశయోక్తి.

ఇంకొకటి. ‘తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటోంది. కుక్క అరుగు కింద నాలుక బయటపెట్టి రొప్పుతోంది. చెరువులో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకున్నాయి.’ ఇందులో పోలిక లేదు, ఊహ లేదు, పెంచడమూ లేదు. ఉన్నది ఉన్నట్లు కళ్ళకు కట్టించాడు. ఇదీ అలంకారమే, స్వభావోక్తి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రాయడం కూడా ఇదే కష్టం.

పదో తరగతి అమ్మ (ఒంగోలు) · ఆదివారం, రాత్రి 10:31

మాస్టారూ, మీ పోస్టు పాపకు చదివి వినిపించాను. గొంగళి వాక్యం రెండుసార్లు చదివించుకుంది. ఆ ‘చిక్కు’ ఏమిటో అడగమంటోంది.

తెనాలి మాస్టారు · సోమవారం, ఉదయం 6:10

రూపకంలో రెండు మాటలూ వినిపిస్తాయి. రోడ్డూ ఉంది, పెనమూ ఉంది. ‘ఈ పెనం మీద ఎవరు నడుస్తారు’ అన్నప్పుడు రోడ్డు మాటే మింగేశాడు, పెనమే మిగిలింది. పసిపాప గడప దాటి వస్తుంటే ‘అదుగో చందమామ వస్తున్నాడు’ అంటాం చూడండి, అలాగ. దాన్ని మనవాళ్ళు రూపకంలో కలపలేదు. రూపకాతిశయోక్తి అని అతిశయోక్తిలో ఒక రకంగా చెప్పారు. పదో తరగతికి ఇంత లోతు అవసరం లేదు. కానీ పాప అడిగింది కాబట్టి చెప్పాను.

న్యూజెర్సీ నాన్న · సోమవారం, ఉదయం 7:48

మాస్టారూ, నాకు ఎన్నాళ్ళుగానో ఉన్న అనుమానం ఇక్కడ తీరింది. మా వాడికి ఇక్కడి బడిలో సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్‌బొలీ అని చెబుతారు. ఆదివారం తెలుగు తరగతిలో ఉపమ, రూపకం అంటారు. ‘ఇవి అవేనా నాన్నా?’ అని అడిగితే అవేనని చెప్పేశాను. కానీ ‘చందమామ వస్తున్నాడు’ని వాళ్ళు మెటఫర్ అనే అంటారు. మరి మన లెక్క వేరే కదా? అసలు అలంకారాలు మొత్తం ఎన్ని?

తెనాలి మాస్టారు · సోమవారం, ఉదయం 8:20

బాబూ, సిమిలీని ఉపమ అనుకుంటే పెద్ద తేడా రాదు. మెటఫర్ మాత్రం మన రూపకం కంటే పెద్ద సంచి. రూపకమూ అందులోనే, ‘చందమామ వస్తున్నాడు’ కూడా అందులోనే. ఉత్ప్రేక్షకు అటువైపు విడిగా పీట లేదు. పర్సానిఫికేషన్‌కు ఇటువైపు బడి పుస్తకాల్లో పీట లేదు. ‘గాలి తలుపు తట్టింది’ లాంటివి, అంటే ప్రాణం లేనిదానికి మనిషి నడత అంటగట్టేవి, మన శాస్త్రంలో చాలావరకు సమాసోక్తి అనే అలంకారంలోకి వస్తాయి. కాబట్టి రెండు భాషల పేర్లనూ జతలు కట్టి బట్టీ పట్టించకండి. వాక్యం ఏం చేస్తోందో అడిగితే పిల్లవాడే చెబుతాడు.

ఎన్ని అంటారా? భరతుడి నాట్యశాస్త్రంలో నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకార గ్రంథం రాసేనాటికి అర్థాలంకారాలే, అంటే అర్థం మీద నిలబడేవే, వంద దాటాయి. అన్నీ రావాలని ఏమీ లేదు. ఉపమ బాగా పట్టుబడితే సగం దారి నడిచినట్లే. మిగతావాటిలో చాలా వాటికి అదే వేరు.

మానేరు గట్టు (కరీంనగర్) · సోమవారం, మధ్యాహ్నం 1:15

సార్, మంచిగ చెప్పిన్రు. నాదొక మాట. ఈ పేర్లన్నీ సంస్కృతంల ఉన్నయని పిల్లలు భయపడుతున్నరు గానీ, మన ఇండ్లల్ల పొద్దున లేచినప్పటి నుంచి మాట్లాడేది ఇదే కదా. మా నానమ్మ బడి మొఖం చూడలేదు. పొలం నుంచి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి ‘పానం సల్లవడ్డది’ అనేది. ప్రాణం చల్లబడుడేంది? మా తాత పోయిన రోజు ఎవరో ‘వంట అయిందా’ అని అడిగితే ‘పొయ్యిల పిల్లి లేవలేదు’ అన్నది. నాకప్పుడు ఎనిమిదేండ్లు. నిజంగనే పొయ్యి దగ్గరికి పోయి పిల్లి కోసం చూసిన.

ఇవి ఏ అలంకారం కిందికి వస్తయి సార్?

తెనాలి మాస్టారు · సోమవారం, మధ్యాహ్నం 2:40

నాయనా, మీ నానమ్మగారి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

కట్టెల పొయ్యి రోజుల్లో రాత్రి వంట అయ్యాక బూడిద వెచ్చగా ఉండేది. పిల్లి వచ్చి అందులో ముడుచుకుని పడుకునేది. తెల్లారి ఇల్లాలు పొయ్యి రాజేయడానికి వస్తే లేచిపోయేది. అది లేవలేదంటే నిప్పు పడలేదని, వంట లేదని, పస్తు ఉన్నారని. ఆవిడ ‘వండలేదు’ అనలేదు, ‘ఏడుస్తున్నాం’ అనలేదు. పిల్లిని చూపించి ఊరుకుంది.

ఇది అలంకారాల పట్టికలో వెతకాల్సింది కాదు. మాటకు మూడు శక్తులు ఉన్నాయన్నారు. నేరుగా చెప్పేది అభిధ. నేరు అర్థం కుదరనప్పుడు దగ్గరి అర్థాన్ని పట్టుకునేది లక్షణ. ‘గంగలో గొల్లపల్లె ఉంది’ అంటే నీళ్ళలో ఊరు ఉండదు కాబట్టి గట్టున ఉందని అర్థం చేసుకుంటాం. ‘ఊరంతా కదిలింది’ అంటే ఇళ్ళు కదలవు, జనం కదిలారు. ఇవి లక్షణ. మూడోది వ్యంజన. ‘పొద్దు గూకింది’ అనే ఒక్క మాట పశువుల కాపరి వింటే మంద తోలుకు రావాలని, ఆటలో ఉన్న పిల్లవాడు వింటే ఇంటికి పోవాలని, దారిన పోయేవాడు వింటే ఎక్కడైనా ఆగాలని తోస్తుంది. మాట ఒకటే, వినేవాణ్ణి బట్టి అర్థం పుడుతుంది.

పానం చల్లబడటం లక్షణ. వాడి వాడి జాతీయంగా స్థిరపడింది. పొయ్యిలో పిల్లి కూడా జాతీయమే. కానీ ఆ రోజు, ఆ ఇంట్లో, ఆవిడ నోట అది వ్యంజన కూడా.

నైట్ డ్యూటీ · సోమవారం, రాత్రి 11:50

నేను స్టాఫ్ నర్సుని. తెలుగు పాఠాలు చాలావరకు మర్చిపోయాను. కానీ ఈ విషయం మా వార్డులో రోజూ చూస్తాను కాబట్టి రాస్తున్నాను.

కొన్నాళ్ళ కిందట రాత్రి రెండు దాటాక యాభై ఏళ్ళ పెద్దాయనను తీసుకొచ్చారు. డ్యూటీలో ఉన్న డాక్టరుగారు వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చారు, కొద్దికొద్దిగా తెలుగు నేర్చుకుంటున్నారు. ‘నొప్పి ఉందా?’ అని అడిగారు. ‘నొప్పి లేదు బాబూ’ అన్నాడాయన. డాక్టరుగారు నొప్పి లేదని రాసుకోబోతున్నారు. అప్పుడు ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని ‘ఎవరో ఇక్కడ రోకలిబండ పెట్టి కూచున్నట్లుంది’ అన్నాడు. నేను వెంటనే ఆ మాటకు అర్థం చెప్పాను. ఈసీజీ తీశారు. గుండెపోటే. సమయానికి మందు పడింది, లేచి ఇంటికి వెళ్ళాడు.

షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళు ‘పాదాల్లో చీమలు పాకినట్లుంది’, ‘దూది మీద నడిచినట్లుంది’ అంటారు. అది వినగానే నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలని మాకు తెలుస్తుంది. మీ లెక్కలో ఇవి ఉపమా ఉత్ప్రేక్షా నాకు తెలియదు. కానీ ‘నొప్పి 10కి ఎంత?’ అని అడిగితే రాని జవాబు ఈ మాటల్లో వస్తుంది.

తెనాలి మాస్టారు · మంగళవారం, ఉదయం 6:30

తల్లీ, లేని మనిషిని, లేని రోకలిని ఊహించి చెప్పాడు కాబట్టి రూపం చూస్తే ఉత్ప్రేక్షే. కానీ ఆదివారం నేనే మనసులో మెరవనిది, అంటే చమత్కారం లేనిది, అలంకారం కాదని రాశాను. ఆయన చమత్కారం కోసం చెప్పలేదు, వేరే మాట దొరక్క చెప్పాడు. ఈ ప్రశ్న మీదే తెల్లవార్లూ ఆలోచించాను. పోలిక ముందు అవసరంలో పుట్టి ఉంటుందని, ముచ్చట తర్వాత వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తోంది. పాఠం చెప్పే రోజుల్లో ఈ ఉదాహరణ నా దగ్గర ఉండి ఉంటే ఎంత బాగుండేది!

బెంగళూరు కోడలు · మంగళవారం, ఉదయం 9:05

జాతీయాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. ఇంట్లో తెలుగే, కానీ పొడి పొడి తెలుగు. పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేసి ‘అమ్మా, బియ్యం నిండుకున్నాయి’ అన్నారు. డబ్బా నిండా ఉన్నాయని చెబుతున్నారనుకుని ‘సరే అత్తయ్యా’ అని పెట్టేశాను. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ ఉప్మా చేసి కూచున్నారు. చెప్పినా తేలేదని ఆవిడకు, చెప్పకుండా ఉప్మా చేశారని నాకు, రెండు రోజులు మాటలు సరిగ్గా లేవు. అసలు సంగతి మా ఆయన చెప్పాడు.

అయిపోయినదాన్ని నిండుకుంది అనడం ఏమిటండీ?

పదో తరగతి అమ్మ (ఒంగోలు) · మంగళవారం, ఉదయం 9:40

అయ్యో! ఇంట్లో బియ్యం ‘లేవు’ అనే మాట పలకకూడదు కదండీ, అందుకని. దీపం ‘ఆరిపోయింది’ అని కూడా అనం, ‘కొండెక్కింది’ అంటాం. వెళ్ళేటప్పుడు ‘వెళ్తాను’ అంటే మా అమ్మ ఊరుకోదు, ‘వెళ్ళొస్తాను’ అనాల్సిందే.

మానేరు గట్టు (కరీంనగర్) · మంగళవారం, ఉదయం 10:12

మా దిక్కు ‘పోయొస్త’ అంటం. రాత్రిపూట పాము అనరు, పురుగు అంటరు.

నైట్ డ్యూటీ · మంగళవారం, ఉదయం 10:30

ఒంటి మీద పొక్కులు వస్తే ‘అమ్మవారు పోసింది’ అంటారు. కడుపుతో ఉంటే ‘నీళ్ళోసుకుంది’ అంటారు. చనిపోతే ‘కాలం చేశారు’. మేమూ బంధువులకు ఆ మాటే చెబుతాం. ‘చనిపోయారు’ అని ముఖం మీద అనలేం.

తెనాలి మాస్టారు · మంగళవారం, ఉదయం 11:00

వీటిని సభ్యోక్తులు అంటారు. అశుభాన్ని శుభంగా మార్చి పలకడం. కోడలమ్మా, నిండుకోవడం అంటే ఇక్కడ పూర్తి కావడం. ఖాళీ అనే మాట ఇంట్లో వినపడకుండా ‘నిండు’ను పైన కప్పారు. మంగళసూత్రం తాడు తెగితే ‘పెరిగింది’ అనడం కూడా ఇదే దారి. ఈ మాటల్లో భయం ఉంది, ప్రేమ ఉంది. రెండూ తెలియకపోతే అర్థం తిరగబడుతుంది, మీ ఇంట్లో జరిగింది అదే.

అచ్చుతప్పు · మంగళవారం, సాయంత్రం 5:25

నేను ప్రూఫులు దిద్దే పని చేస్తాను. మొదటి పోస్టులోని చిట్కాలో ‘ఇవేవీ లేకపోతే రూపకం’ అన్న ముక్క మీద ఎవరూ మాట్లాడలేదు. అదే అన్నిటికంటే ప్రమాదం. గైడ్లలో ‘పాదపద్మాలకు మొక్కాను’ అన్నదాన్ని రూపకం కింద వేసేయడం నేను చూశాను. ‘లా’ లేదు కాబట్టి రూపకమట.

సమాసం విప్పి చూడాలి. పద్మాల వంటి పాదాలు అనుకోవచ్చు, అప్పుడు ఉపమ. పాదాలు అనే పద్మాలు అనుకోవచ్చు, అప్పుడు రూపకం. ఏది అనుకోవాలో క్రియ చెబుతుంది. మొక్కేది పాదాలకా, పద్మాలకా? పాదాలకు. అంటే అక్కడ పాదమే ముఖ్యం కాబట్టి ఉపమ. ‘ఆయన పాదపద్మాల చుట్టూ భక్తులనే తుమ్మెదలు మూగాయి’ అంటే తుమ్మెదలు మూగేది పద్మం చుట్టూ. అక్కడ రూపకం. మాట అదే, పక్కన ఉన్న క్రియ మారితే అలంకారం మారిపోయింది.

తెనాలి మాస్టారు · మంగళవారం, సాయంత్రం 6:02

అక్షరాలా నిజం. నేను చెప్పాల్సింది మీరు నాకంటే తేటగా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. పరీక్షలో ‘విద్యాధనం’ లాంటివి ఇస్తే విద్య అనే ధనం అని రూపకమే రాయాలి, అక్కడ తగాదా లేదు.

న్యూజెర్సీ నాన్న · మంగళవారం, రాత్రి 8:15

శబ్దాలంకారాల గురించి, అంటే మాటల చప్పుడు మీద నిలబడేవాటి గురించి కూడా ఒక ముక్క చెప్పండి మాస్టారూ. మా వాడికి యమకం, ఛేకానుప్రాస ఒకటేలా ఉన్నాయట.

తెనాలి మాస్టారు · మంగళవారం, రాత్రి 9:00

ఛేకానుప్రాసలో ఒకేలా వినిపిస్తూ అర్థం వేరైన అక్షరాల జంట పక్కపక్కనే, వెంటవెంటనే రావాలి. ‘అరటి తొక్క తొక్కరాదు’, ‘నీకు వంద వందనాలు’. యమకంలో ఆ పట్టింపు లేదు, ఎడంగా కూడా రావచ్చు. పోతనగారి భాగవతంలో నరకాసురుడి మీదికి యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు చెప్పే కంద పద్యం ‘లేమా! దనుజుల గెలువఁగ లేమా?’ అని మొదలవుతుంది. మొదటి ‘లేమా’ ఓ యువతీ అని పిలుపు. రెండోది గెలవలేమా అనే ప్రశ్న. అదే పద్యంలో ఇంకో రెండు చోట్ల ఆ అక్షరాలే ‘లే, మాను’ అని, ‘లే, మా విల్లు’ అని విరుగుతాయి. మీ వాడి చేత పైకి చదివించండి. కళ్ళతో చూస్తే కలిసిపోయేవి చెవికి విడిపోతాయి.

పదో తరగతి అమ్మ (ఒంగోలు) · బుధవారం, రాత్రి 9:45

రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే పని. కూర తాలింపు వేస్తుంటే వెనక నిలబడి ‘అమ్మా, ఆవాలు చిటపటమనడం ఏ అలంకారం’ అంటోంది. ఈరోజు పుస్తకం మూసేసి సొంతంగా అయిదు వాక్యాలు రాసింది. నాలుగు మీరు చెప్పినవాటికి దగ్గరగా ఉన్నాయి. అయిదోది మా అత్తగారి మీద రాసింది:

‘నాయనమ్మ చెయ్యి ఎండిన తమలపాకులా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుందేమో.’

‘లా’ ఉంది, ‘ఏమో’ కూడా ఉంది. ఉపమా, ఉత్ప్రేక్షా తేల్చుకోలేక మిమ్మల్ని అడగమంది మాస్టారూ.

తెనాలి మాస్టారు · బుధవారం, రాత్రి 9:58

ఉపమ. ఆ ‘ఏమో’ ఊహ కాదమ్మా, పాపకు ఉన్న నిజమైన భయం. దాన్ని కొట్టేయవద్దు, అలాగే ఉంచమనండి.

పదో తరగతి అమ్మ (ఒంగోలు) · బుధవారం, రాత్రి 10:20

ఉంచింది. అత్తయ్యగారికి చదివి వినిపించాం. ఆవిడ ఏమీ అనలేదు. దీపం దగ్గరికి చెయ్యి జరుపుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, పాప చేతిలో పెట్టారు.